చెవి తమ్మెల ప్రాజెక్టు

నా క్లాసులో జవాబు రాస్తూ "కావచ్చు" అన్న మాట వాడితే సగం మార్కులు కోత. "బహుశా" అని రాస్తే జవాబు మొత్తం కొట్టేసేదాన్ని. ఉదాహరణ ఇవ్వకపోతే ఒక మార్కు పోయినట్టే. పదో తరగతి పేపర్లు దిద్దేవాళ్ళకు మీ అనుమానాలతో పనిలేదు, ఔనో కాదో తేల్చి రాయాలి, రాసినదానికి ఉదాహరణ చూపాలి అని జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజే చెప్పేదాన్ని. ఇరవై ఏళ్ళకు పైగా మెదక్‌లో ఇదే బయాలజీ, ఇదే మాట. నా పిల్లలకు మార్కులు వచ్చేవి. నా నోటికి భయపడి చదువుతారని ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి మురిసిపోయేదాన్ని.

నా నోరు మంచిది కాదు. దాచుకోవడానికి ఏమీ లేదు. గుండె పటంలో కుడి ఎడమలు తారుమారు చేసిన ఒక పిల్లాణ్ణి వారం రోజులపాటు, రోజూ క్లాసు మొదట్లో లేపి, "నువ్వు అన్నం తినే చెయ్యి ఏదిరా, చూపియ్యి" అని అడిగాను. వాడు చెయ్యెత్తి చూపించేవాడు. క్లాసంతా ఘొల్లుమనేది. ఎనిమిదో రోజు వాడు బడికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చి, "పోరడు అన్నం తింటలేడు మేడం, జర ఊకోండ్రి" అని బతిమిలాడుకుంటే, "పటం సక్కగ గీస్తే నేనెందుకంటా?" అని ఆమెనే గదమాయించి పంపాను. వాడు పబ్లిక్ పరీక్షలో గుండె పటం తప్పు లేకుండా గీశాడు. ఆ సంగతి చెప్పి చెప్పి తర్వాతి బ్యాచీలను ఏడిపించాను.

ఎర్ర పెన్నుల పద్ధతి కూడా నేను పెట్టిందే. పిల్లలు ప్రాజెక్టులు చేసి బోర్డు ముందు నిలబడి మాట్లాడాలి కదా, దానికి ముందు రిహార్సల్ చేయించేదాన్ని. ఒకరు మాట్లాడుతుంటే కింద కూర్చున్నవాళ్ళంతా చేతిలో ఎర్ర పెన్ను పట్టుకోవాలి. తప్పు వినపడగానే ఎత్తాలి. మూడు పెన్నులు లేచాయంటే మాట్లాడేవాళ్ళు ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి అందుకోవాలి. తప్పు విని కూడా పెన్ను ఎత్తనివాడు దొరికాడా, తర్వాతి వంతు వాడిదే. ఇక చూసుకోండి, నలభై మంది కన్నార్పకుండా వినేవాళ్ళు. పక్కవాడు ఎప్పుడు తప్పుతాడా అని కాచుకు కూర్చునేవాళ్ళు. మా కరస్పాండెంట్ సారు వరండాలో నిలబడి, "మేడం క్లాసుల ఈగ గూడ సప్పుడు చెయ్యది" అని పేరెంట్స్‌కు చూపించేవాడు.

నేను చెప్పబోయే అమ్మాయి ఒక ఏడాది నా క్లాసులో ఉంది. వాళ్ళది హవేలిఘనపూర్ అవతల ఒక పల్లె. తండ్రికి అక్కడ వరి పొలం, ఇక్కడ బస్టాండుకు పోయే దారిలో ఎరువుల దుకాణం. పొద్దున్నే దుకాణం తెరవడానికి వస్తూ బిడ్డను బండి మీద తెచ్చేవాడు. గేటు దగ్గర దింపి పోయే మనిషి కాదు. బ్యాగు తనే భుజాన వేసుకుని మెట్ల దాకా వచ్చేవాడు. దారిలో గాలికి రిబ్బను ఊడితే, యూరియా బస్తాలు ఎత్తే చేతులతో అక్కడే నిలబడి ముడి వేసేవాడు. ముడి వంకరగా వచ్చేది. ఆ పిల్ల సాయంత్రం దాకా దాన్ని విప్పేది కాదు.

ఆమెకు తండ్రంటే ప్రాణం. ఏ ప్రశ్న అడిగినా "మా బాపు" అని మొదలయ్యేది. కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే మా బాపు చేను. మూత్రపిండాల గురించి అడిగితే మా బాపు నీళ్ళు మస్తు తాగుమంటడు. "పరీక్షకు గూడ మీ బాపునే తోల్కొస్తవా ఏంది?" అని ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో లెక్కలేదు. ఆమె తల వంచుకుని నవ్వేది. కోపం తెచ్చుకోవడం చేతకాని పిల్ల. అలాంటి పిల్లలను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అనువంశికత పాఠం చలికాలంలో వస్తుంది. కొందరికి చెవి తమ్మెలు దవడకు అతుక్కుని ఉంటాయి, కొందరికి విడిగా వేలాడుతాయి. విడివి బహిర్గత లక్షణం, అతుక్కున్నవి అంతర్గత లక్షణం. అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ అతుక్కున్నవే ఉంటే పిల్లలకు విడివి రానే రావు. ఇది నా నోట్సులో ఉంది. నేను చదువుకునే రోజుల్లో మా సారు చెబితే రాసుకున్నాను, అదే ముక్క ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. పిల్లలకు గుర్తుండాలని దానికో జోకు కూడా తగిలించాను.

"విడివి వచ్చినయనుకో, ఏమన్నట్టు? దవాఖానల బిడ్డ మారినట్టు. అదీ కాదంటే ఒకపారి పక్కింటోళ్ళ చెవులు చూసి రావాలె."

క్లాసు పగలబడి నవ్వేది. ఆడపిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒకసారి నవ్విన పాయింటును పిల్లలు పరీక్ష దాకా మర్చిపోరు. ప్రతి ఏడూ ఆ జోకు వేశాను. ప్రతి ఏడూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, నేను చూశాను.

ఆ సంవత్సరం ప్రాజెక్టులు తల్లిదండ్రుల ముందు చెప్పించాలని కరస్పాండెంట్ సారు పట్టుబట్టాడు. అడ్మిషన్ల కాలం దగ్గరపడుతోంది, బడి పేరు నలుగురి నోళ్ళలో పడాలి. ఒక్కొక్కరు తమ ఇంట్లో ఒక్కో లక్షణాన్ని గమనించి చార్టు గీసి మాట్లాడాలి. ఒకరు నాలుక మడత, ఒకరు జుట్టు, ఒకరు కళ్ళ రంగు తీసుకున్నారు. ఆ అమ్మాయి చెవి తమ్మెలు తీసుకుంది.

రిహార్సల్ రోజు చార్టు తెచ్చింది. బాపు: విడి. అమ్మ: అతుక్కున్నవి. నేను: విడి. చక్కని అక్షరాలు, చుట్టూ పూల అంచు.

"మీ బాపు చెవులు చూసినవా?" అని అడిగాను.

చార్టు మీది పూల అంచును వేలితో రాస్తూ నిలబడింది.

"నిన్నే. చూసినవా, లేదా?"

"చలికి మఫ్లర్ కట్టుకుంటడు మేడం... నాకు విడి ఉన్నయి గద, బాపుకు గూడ గట్లనే ఉంటయనుకున్న."

"అనుకున్నవా! చూడకుంట చెప్పేది సైన్స్ కాదు, సోది. బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరు తిరుగు పో."

చార్టును ఆమె ముందే రెండు ముక్కలు చేశాను. "ఇంటికి పోయి, చెవి పట్టుకొని చూడు. ఫోటో దియ్యి. కొత్త చార్టు మీద అతికియ్యి. చూసింది చూసినట్టు చెప్పకపోతే స్టేజి ఎక్కనియ్య" అన్నాను. ఆమె ముక్కలు రెండూ ఏరుకుని, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. ఆ రోజు నేను చెప్పినవాటిలో సరైన మాట ఏదైనా ఉంటే ఇదొక్కటే, చూసి చెప్పమనడం. దానికే ఆమె ఇల్లు కూలింది. కొత్త చార్టును నేను ముందుగా చూడలేదు. నలభై మందివి చూసే తీరిక ఎవరికుంది అనుకున్నాను.

ప్రెజెంటేషన్లు పై అంతస్తు హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. ఒకవైపు తల్లిదండ్రులు, ఇంకోవైపు ఎర్ర పెన్నులు పట్టుకుని నా క్లాసు. ఆ అమ్మాయి తండ్రి ముందు వరసలో కూర్చున్నాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు, మఫ్లర్ లేదు. పక్కన భార్య. ఆమె బడికి రావడం అదే మొదటిసారి. కొత్త చీర కొంగును మాటిమాటికీ సర్దుకుంటూ, బిడ్డ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

ఆ పిల్ల స్టేజి ఎక్కింది. చార్టు మీద మూడు పెద్ద ఫోటోలు, మూడు చెవులు.

"నా ప్రాజెక్టు పేరు మా ఇంటి చెవులు," అంది. అందరూ నవ్వారు, మంచి నవ్వే. "మా బాపు చెవి పట్టుకుంటే చక్కిలిగిలి అయితున్నదని మంచం మీదికెళ్ళి లేచి ఉరికిండు. రెండుసార్లు పట్కొచ్చి కూసోబెట్టి ఫోటో తీసిన." ముందు వరసలో తండ్రి సిగ్గుపడుతూ నవ్వాడు. పక్కనున్నాయన భుజం మీద చరిచాడు. "మా బాపు చెవి తమ్మెలు అతుక్కొని ఉన్నయి. మా అమ్మవి గూడ అతుక్కొని ఉన్నయి. నావి విడిగా ఉన్నయి."

ఒక ఎర్ర పెన్ను లేచింది. తర్వాత మూడు. తర్వాత మొత్తం క్లాసు. ముప్పై తొమ్మిది పెన్నులు.

ఆ పిల్ల ఆగిపోయి నా వైపు చూసింది. మూడు పెన్నులు లేస్తే మొదటినుంచి చెప్పాలి. అది నా చట్టం. నేను చేత్తో సైగ చేశాను, మళ్ళీ చెప్పు అని.

"నా ప్రాజెక్టు పేరు మా ఇంటి చెవులు," అని మొదలుపెట్టింది. ఈసారి చక్కిలిగిలి మాట చెప్పలేదు. నేరుగా అక్కడికే వచ్చింది. బాపువి అతుక్కున్నవి, అమ్మవి అతుక్కున్నవి, నావి విడి. పెన్నులు లేచాయి. తల్లిదండ్రులు మెడలు తిప్పి పిల్లల వైపు చూడసాగారు. మూడోసారి మొదలుపెట్టింది. పెన్నులు లేచాయి.

అప్పుడైనా ఆపాల్సింది. నేనేం చేశాను? పేరెంట్స్ అందరూ చూస్తున్నారు, నా క్లాసు ఎంత చురుకో చూపిద్దామనుకున్నాను. "తప్పు ఏడున్నదో ఎవలు చెప్తరు?" అని అడిగాను.

ఫస్ట్ ర్యాంకు పిల్లాడు లేచాడు. చేతులు కట్టుకుని, నేను నేర్పినట్టే, గడగడా అప్పజెప్పాడు. "తల్లిదండ్రులిద్దరికీ అతుక్కున్న తమ్మెలు ఉంటే పిల్లలకు విడి తమ్మెలు రానే రావు మేడం. వస్తే దవాఖానల బిడ్డ మారినట్టు. అదీ కాకపోతే పక్కింటోళ్ళ చెవులు చూసి రావాలె."

పిల్లలు అలవాటు ప్రకారం పగలబడ్డారు. వెనక వరసల్లో కొందరు పెద్దవాళ్ళు కూడా నవ్వారు. ముందు వరసలో ఎవరూ నవ్వలేదు.

"లేదు మేడం," అంది ఆ పిల్ల. ఏడవడం లేదు, నాకు నచ్చజెప్పాలని చూస్తోంది. "మీరు చెప్పినట్టే చూసిన. చెవి పట్టుకొనే చూసిన. ఫోటో గూడ ఉన్నది మేడం, చూడుండ్రి."

ఫోటో సరిగ్గా రాలేదమ్మా, పోయి కూర్చో అంటే సరిపోయేది. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు. కానీ నా నోట్సు తప్పంటుందా ఈ పిల్ల, ఇంతమంది ముందు, అని నాకు మంటెత్తిపోయింది. నరం లేని నాలుక నాది.

"సైన్స్ అబద్ధం చెప్పది," అన్నాను. "మనుషులే చెప్తరు."

చార్టును ఉద్దేశించి అన్నానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. తల్లి కొంగు లాగి చెవుల మీదుగా కప్పుకుంది. తండ్రి చెయ్యి నెమ్మదిగా లేచి తన చెవి తమ్మెను పట్టుకుంది. ఆ తర్వాత ప్రోగ్రాం అయ్యేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆ పిల్ల "ధన్యవాదాలు" అని దిగిపోయింది. దిగగానే చప్పట్లు కొట్టాలని కూడా నేనే నేర్పాను కదా, అందరూ కొట్టారు.

మర్నాడు బండి గేటు దగ్గరే ఆగింది. ఆ పిల్ల దిగింది, బ్యాగు తనే తీసుకుంది, బండి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా బండి కూడా రావడం మానేసి ఆమె ఆటోలో రాసాగింది. ఆ తర్వాత శంకరంపేట బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేది. శంకరంపేట వాళ్ళ అమ్మ పుట్టిల్లు.

మా బడి ఆయమ్మది వాళ్ళ పక్క ఊరే. ఒకరోజు నాకు చాయ్ పోస్తూ చెప్పింది. "ఆ పిల్లను, తల్లిని పుట్టింటికి తోలేసిండ్రు మేడం. ఆయన ఏం అనలేదంట, నోరే తెరువలేదంట. ఆయన తల్లి ఉన్నది గద, ముసల్ది, ఆమె అన్నదంట. బడిల సదువుకున్నోళ్ళే నలుగురి ముంగట చెప్పిండ్రు, ఇగ మనం దాసేదేమున్నది, అని."

"నేను చెప్పింది పాఠం. వాళ్ళ ఇంటి లొల్లి నాకెందుకు?" అన్నాను. చాయ్ మొత్తం తాగాను కూడా.

క్లాసులో ఆ పిల్ల "మా బాపు" అనడం మానేసింది. అడిగినదానికి జవాబు చెప్పేది, కూర్చునేది. ఔను, కాదు, కారణం, ఉదాహరణ. నేను ఎలా కావాలనుకున్నానో అలాగే తయారైంది. రిబ్బను ముడి ఇప్పుడు తిన్నగా ఉండేది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక నా పాత విద్యార్థిని ఒకామె ఏదో సర్టిఫికెట్ కోసం బడికి వచ్చింది. ఎంబీబీఎస్ చదువుతోంది. స్టాఫ్ రూములో నాతో మాట్లాడుతూ, బీరువా పక్కన నిలబెట్టి ఉన్న ఆ చార్టును చూసింది. మూడు చెవులనూ చూసి నవ్వింది.

"మేడం, ఇది మీరు మాకు గూడ చెప్పిండ్రు. కానీ ఇది నిజం కాదంట మేడం. చెవి తమ్మె ఒక్క జన్యువుతోటి తేలేది కాదంట, మస్తు జన్యువులు కలిస్తే గట్ల వస్తదంట. అమ్మకు, నాన్నకు ఇద్దరికి అతుక్కున్నవి ఉన్నా బిడ్డకు విడివి వస్తయంట. మా క్లాసుల అడిగితే నేను మీ జోకు చెప్పిన. అందరు నన్ను చూసి నవ్విండ్రు."

"మెడిసిన్ సీటు ఏ నోట్సు చదివితే వచ్చింది? అది గూడ తప్పేనా?" అని కసిరాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని, నమస్తే పెట్టి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని ఫోన్‌లో వెతికాను. ఒక చోట చదివి నమ్మలేదు. నాలుగు చోట్ల చదివాను. నాలుగు చోట్లా అదే ఉంది. చార్టు మీది ఫోటోల్లో ఆ తండ్రి చెవి ఎర్రగా ఉంది, చక్కిలిగిలికి నవ్వుతుంటే తీసిన ఫోటో.

కరస్పాండెంట్ సారు దగ్గరికి పోయి, ప్రార్థనలో పిల్లలందరికీ చెప్పేస్తాను, తప్పు చెప్పానని అన్నాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు. "ప్రీ ఫైనల్స్ ముంగట ఇవన్ని ఎందుకు మేడం? పోరగాండ్లు కన్ఫ్యూజ్ అయితరు. గైడ్ల ఉన్నది రాస్తే మార్కు పడతది, అంతే గద. ఇది తప్పంటె, మిగిలినయి ఏం సక్కగ చెప్పిండ్రో అని పేరెంట్స్ అడుగుతరు. పరీక్షలైనంక చూద్దాం." సరే సార్ అన్నాను. గదిలోంచి బయటకు వస్తుంటే బతికాన్రా దేవుడా అనిపించింది. నిజం ఇది. సిగ్గు లేకుండా అనిపించింది.

అయినా మనసు ఊరుకోలేదు. ఒక ఆదివారం ఎరువుల దుకాణానికి పోయాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రాండ్రి మేడం, కూసోండ్రి" అని స్టూలు తుడిచి వేశాడు. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. ఎండ అప్పటికే ముదురుతోంది. ఆయన మఫ్లర్ చెవుల మీదుగా బిగించి కట్టుకుని ఉన్నాడు.

"మీ అమ్మాయి సంగతి," అన్నాను. "ఆ రోజు చెప్పిన పాయింటు ఉన్నది గద, అన్నిసార్లు గట్లనే ఉండాలని లేదు. ఒక్కోపారి విడివి గూడ రావచ్చు."

"రావచ్చా?" ఆయన నన్ను సూటిగా చూశాడు. "మేడం, మీ క్లాసుల 'కావచ్చు' అంటె సగం మార్కులు కోస్తరంట గద. నా బి..." అని ఆగాడు. "ఆ పిల్లనే చెప్పేది. వస్తయా, రావా? ఒక్క మాట చెప్పుండ్రి."

"వస్తయి. నేను చెప్పింది తప్పు."

"ఇన్నేండ్ల సంది తప్పే చెప్పిండ్రా?"

"అవును."

ఆయన నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు? నేను తప్పు ఒప్పుకోగా ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. "ఎవలు పంపిండ్రు మిమ్ముల?" అన్నాడు. "ఆమె వచ్చి మీ కాళ్ళు పట్టుకున్నదా?"

"ఎవరు పంపలేదు. నా మాట మీద నమ్మకం లేకపోతే హైదరాబాద్‌ల పరీక్ష చేస్తరు, చేపించుకోండ్రి."

"చేపిస్తే, నాకు అనుమానం ఉన్నదని నేనే ఊరంత చెప్పుకున్నట్టు గాదా?" చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "మేడం, నేను గా మాట నమ్మిన్నో లేదో నాకే తెల్వది. కానీ నలుగురి ముంగట అన్నరు. తప్పయితే నలుగురి ముంగటనే చెప్పుండ్రి. గదే హాల్ల, గా పోరగాండ్లు పెన్నులు పట్టుకొని కూసోంగ, నేను తప్పు చెప్పిన అని ఒక్క మాట చెప్పుండ్రి. మా అమ్మను గూడ పట్కొస్త, ముంగటనే కూసోబెడత. మీరు గంత చెప్తే, గా హాల్ల నుంచే ఇద్దరిని బండి మీద ఇంటికి తీస్కపోత. పిల్ల లేక ఇల్లు..." అని ఆగిపోయి, మఫ్లర్ కొసతో ముఖం తుడుచుకున్నాడు.

సరే అన్నాను. తప్పకుండా చెప్తానన్నాను. దుకాణం బయటి దాకా వచ్చి సాగనంపాడు.

చెప్పలేదు.

మొదటి వారం స్లిప్ టెస్టులు అడ్డమొచ్చాయి. రెండో వారం జలుబు చేసింది. మూడో వారం హాలు ఖాళీ లేదు. ఇవన్నీ సాకులు. నిజం చెప్పాలంటే, ఆ స్టేజి ఎక్కి "నేను తప్పు చెప్పాను" అనగానే, నేను నేర్పిన నలభై ఎర్ర పెన్నులు నా ముఖం మీదికి లేస్తాయని భయపడ్డాను. పదిహేనేళ్ళ పిల్లలు నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. ఇంత చిన్న భయానికి ఒక పిల్లను తండ్రికి కాకుండా చేశాను. ఆ తండ్రి రెండుసార్లు బడి దాకా వచ్చి, గేటు అవతల బండి మీద కూర్చుని, నేను స్టాఫ్ రూము కిటికీ మూసుకోవడం చూసి వెళ్ళిపోయాడు. మూడోసారి రాలేదు.

ప్రీ ఫైనల్ పేపరు నేను డిసెంబర్‌లోనే తయారుచేసి ఇచ్చాను. అచ్చయి వచ్చేసింది. అందులో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి: "చెవి తమ్మెలు అతుక్కుని ఉన్న దంపతులకు విడి చెవి తమ్మెలు గల బిడ్డ పుడుతుందా? కారణం తెలిపి ఉదాహరణ ఇవ్వండి." ఆ ప్రశ్న అందులో ఉందని నాకు గుర్తుంది. తీసేసి మళ్ళీ అచ్చు వేయించే వ్యవధి కూడా ఉంది. తీసేస్తే ఎందుకని అడుగుతారు.

పేపర్లు ఇంటి దగ్గర దిద్దాను. ఆ పిల్ల పేపరు వచ్చింది. ఎప్పటిలాగే చక్కని అక్షరాలు.

"పుట్టదు. అతుక్కున్న చెవి తమ్మెలు అంతర్గత లక్షణం. తల్లిదండ్రులిద్దరిలో విడి చెవి తమ్మెల జన్యువు లేనందున బిడ్డకు అది రాదు. అలాంటి బిడ్డ ఆ ఇంట్లో ఉంటే ఆ బిడ్డ ఆ తండ్రికి పుట్టిన బిడ్డ కాదు. ఉదాహరణ: నేను."

జవాబు తప్పు అని నాకు తెలుసు. తప్పు అని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి, పక్కన నాలుగు మాటలు రాస్తే ఆ పిల్ల చదువుకుంటుంది, వాళ్ళమ్మకు చూపిస్తుంది, ఆ కాగితం పట్టుకుని తండ్రి దగ్గరికి పోతుంది. కానీ ఆమె జవాబు కొట్టేస్తే మిగతా ముప్పై తొమ్మిదీ కొట్టేయాలి. తేల్చి రాసింది, కారణం రాసింది, ఉదాహరణ ఇచ్చింది. నాలుగుకు నాలుగు వేశాను.

బయాలజీలో క్లాస్ ఫస్ట్ ఆమే. పేపర్లు పంచిన రోజు ఫస్ట్ ర్యాంకు పిల్లాడు లేచి, "మేడం, ఆ చెవి తమ్మెల ప్రశ్నకు నాకు మూడే వచ్చినయి, ఆమెకు నాలుగెట్ల వేసిండ్రు?" అని నిలదీశాడు. వాడు ఉదాహరణ రాయలేదు. ఫుల్ మార్కులు వచ్చిన జవాబును రాసినవాళ్ళు లేచి పైకి చదవాలి, మిగతావాళ్ళు ఎర్ర పెన్నులతో వినాలి. అదీ నా పద్ధతే. నేను వద్దనేలోపే ఆ పిల్ల లేచి నిలబడింది. వద్దని నేను అననూ లేదు.

చదివింది. తడబడలేదు. పుట్టదు అంది. కారణం చెప్పింది. ఆ బిడ్డ ఆ తండ్రికి పుట్టిన బిడ్డ కాదు అంది. "ఉదాహరణ: నేను" అని చదివి, పేపరు మీదినుంచి తలెత్తి నా వైపే చూసింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. మిగతా ముప్పై తొమ్మిది మంది చేతుల్లో పెన్నులు ఉన్నాయి. తప్పేమీ లేదు కాబట్టి ఒక్కటీ లేవలేదు. నా చేతిలో కూడా పేపర్లు దిద్దిన ఎర్ర పెన్ను ఉంది. ఆ పిల్ల దాని వైపు చూస్తూ నిలబడింది.

"కూర్చో," అన్నాను.